బ్యాటరీలు పగలగొట్టి సీసం పోత పోస్తే లాభమా?

ప్రశ్న: మా మేనమామ గారు వయసు మీదపడి వర్క్‌షాపు మూసేశారు. షెడ్డు ఖాళీ చేసే పని నా మీదా, ఆయన కొడుకు, అంటే మా బావమరిది మీదా పడింది. పాడైపోయిన కారు బ్యాటరీలు 14, గాజు సీసాలో ముప్పావు వంతు పాదరసం, పాత నికెల్-కాడ్మియం సెల్స్ ఒక పెట్టెడు, ఇత్తడిలా మెరిసే రెంచ్‌లు కొన్ని, లేత్ మిషన్ టూల్ బిట్లు ఒక డబ్బాడు ఉన్నాయి. ఓ మూల సీసం కరిగించే ఇనప మూకుడు, పోత అచ్చులు కూడా ఉన్నాయి. బ్యాటరీని బ్యాటరీగా అమ్మితే కిలోకు తక్కువ వస్తుందనీ, పగలగొట్టి దిమ్మలు పోసి అమ్మితే రెట్టింపు వస్తుందనీ బావమరిది అంటున్నాడు. పాదరసం సంగతి ఎలా తెలిసిందో గానీ ఒకాయన ఫోన్ చేసి, ‘అది ఎర్ర పాదరసమైతే మీ దశ తిరిగినట్టే’ అన్నాడు. ఇవి కాక చిన్న కుండ లాంటి లోహపు వస్తువొకటి ఉంది. సైజుకు మించిన బరువు, మూత బోల్టులతో బిగించి ఉంది, పైన రంగు వెలిసిపోయిన గుర్తేదో ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మామయ్యకు గుర్తు లేదు. దేనికి ఎంత విలువ? ఏది ఎలా అమ్మాలి?

సమాధానం:

మీరు ఆఖర్న రాసిన వస్తువుతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ ఒక వారం ఆగినా ఫర్వాలేదు, ఆ కుండ ఆగకూడదు. దాన్ని తెరవకండి, గీకకండి, తూకం కోసం పైకెత్తకండి, ఫొటో కోసం దగ్గరికి వెళ్లకండి. షెడ్డుకు తాళం వేసి, మీ దేశంలో అణు భద్రత చూసే ప్రభుత్వ సంస్థకు, అది ఏదో తెలియకపోతే ఫైర్ సర్వీసుకో పోలీసులకో ఫోన్ చేసి, ‘గుర్తున్న బరువైన మూత డబ్బా దొరికింది, రేడియోధార్మిక పదార్థం కావచ్చు’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. కిరణాలు కొలిచే మీటరు పట్టుకుని వాళ్లే వస్తారు.

అది ఉత్త సీసం డబ్బానే అయ్యుండొచ్చు. కానీ పరిశ్రమల్లో వెల్డింగులు తనిఖీ చేయడానికి, ట్యాంకుల్లో మట్టం కొలవడానికి వాడే రేడియోధార్మిక పదార్థాలను సరిగ్గా ఇలాంటి మందపాటి డబ్బాల్లోనే పెడతారు. లోపలి కిరణాలు బయటికి రాకుండా చుట్టూ సీసం గానీ, అంతకంటే సాంద్రమైన లోహం గానీ పోస్తారు. తుక్కు చూసేవాడి కంటికి అది మంచి బరువున్న సరుకు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో జరిగింది ఇదే. మూతపడిన క్యాన్సర్ వైద్యశాలలో వదిలేసిన యంత్రం భాగాన్ని ఇద్దరు ఊడదీసి తుక్కు కొట్టుకు అమ్మారు. లోపలున్న సీజియం-137 పొడి చీకట్లో నీలంగా వెలుగుతోందని మురిసిపోయి చుట్టాలకు, స్నేహితులకు పంచారు. నలుగురు చనిపోయారు, వాళ్లలో ఆరేళ్ల పాప కూడా ఉంది. లక్షకు పైగా జనాన్ని పరీక్షించాల్సి వచ్చింది, 249 మందికి ఆ పదార్థం అంటుకున్నట్టు తేలింది. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60తో ఒకరు చనిపోయారు. అదైతే దొంగ సరుకు కూడా కాదు, ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత ప్రయోగ యంత్రం.

ఇన్నాళ్లూ దాని పక్కనే తిరిగామని టెన్షన్ పడకండి. బోల్టులు బిగించి ఉన్నాయంటే కవచం చెదరకపోయి ఉండొచ్చు, కానీ ఖాయంగా చెప్పగలిగేది మీటరే. దూరం రెట్టింపైతే తగిలే కిరణాలు నాలుగో వంతుకు పడిపోతాయి, కాబట్టి దూరంగా ఉండటమే ప్రస్తుతానికి మీరు చేయగల పెద్ద పని. ఎవరైనా మూత తీశామని చెబితే మాత్రం ఆ సంగతి వచ్చినవాళ్లకు దాచకుండా చెప్పి, ఆ మనిషిని డాక్టరుకు చూపించండి.

ఇక బ్యాటరీలు. మీ బావమరిది లెక్క కిలో ధర వరకు కరెక్టే. ఎన్ని కిలోలు చేతికొస్తాయన్న దగ్గరే తేడా కొడుతుంది.

15 కిలోల కారు బ్యాటరీ తీసుకోండి. అందులో సీసం మొత్తం కలిపితే 9 కిలోల దాకా ఉంటుంది. కానీ అదంతా లోహం రూపంలో లేదు. మూకుట్లో కరిగేది జల్లెడలా ఉండే ప్లేట్ల చట్రం, టెర్మినళ్లు మాత్రమే. అవి 4 కిలోలకు అటూ ఇటూ. మిగతా సీసం ఆ చట్రంలో మెత్తిన బూడిదరంగు, గోధుమరంగు ముద్దలో సల్ఫేటుగా, ఆక్సైడుగా ఉంటుంది. మామూలు సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. ఈ ముద్ద అలా కాదు. దాన్ని లోహంగా మార్చాలంటే బొగ్గు, ఇనుము, సోడా లాంటివి కలిపి మూసిన కొలిమిలో వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడి చేయాలి. మీ మూకుట్లో అది మడ్డిగా, పొడిగా మిగిలిపోతుంది. చివరికి నేల మీద, గాల్లో, మీ బట్టల్లో చేరుతుంది.

ఊహకి ఒక లెక్క వేద్దాం. దిమ్మ కిలో 100, బ్యాటరీ కిలో 50 అనుకోండి. బ్యాటరీని అలాగే అమ్మితే 750. పగలగొట్టి 4 కిలోల దిమ్మ పోస్తే 400. అది కూడా కొనేవాడు పూర్తి ధర ఇస్తేనే. ప్లేట్ల సీసం మెత్తటి స్వచ్ఛమైన సీసం కాదు, గట్టిదనం కోసం ఆంటిమొనీ గానీ కాల్షియం గానీ కలుపుతారు. తెలిసిన వ్యాపారి ఆ మేరకు ధర కోస్తాడు. బొగ్గు ఖర్చు, మీ ఇద్దరి కూలి ఇందులో కలపనేలేదు. కాబట్టి ఆరోగ్యం మాట కాసేపు పక్కన పెట్టినా ఇది నష్టపు బేరమే.

ఆరోగ్యం మాట పక్కన పెట్టలేం కూడా. సీసానికి ‘ఇంతవరకు ఫర్వాలేదు’ అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొగ కనపడకపోతే ప్రమాదం లేదనుకుంటారు చాలామంది. మడ్డి తీసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము పొగకంటే మోసకారి. అది చేతులకు, జుట్టుకు, చెప్పులకు అంటుకుని ఇంటికొస్తుంది. నేల మీద పాకే పిల్లలకు ముందు చేరుతుంది. నోట్లోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఒకసారి ఎముకల్లోకి చేరితే దశాబ్దాలు అక్కడే కూర్చుంటుంది. సెనెగల్‌లో డకార్ దగ్గర థియారోయ్-సుర్-మేర్ అనే పేటలో జనం ఏళ్ల తరబడి పాత బ్యాటరీలు పగలగొట్టారు. సీసం ధర పెరిగేసరికి ఆ మట్టినే బస్తాల్లో ఇంటికి తెచ్చి జల్లించి అమ్మారు. 2007 చివరి నుంచి 2008 మార్చి లోపల అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు.

మరి పగలగొట్టేవాళ్లు లాభం లేకుండానే ఆ పని చేస్తున్నారా అని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. లైసెన్సున్న కర్మాగారం బ్యాటరీని మూసిన యంత్రంలో నుగ్గుచేస్తుంది. నీటిలో తేలే ప్లాస్టిక్‌ను, మునిగే సీసాన్ని వేరుచేస్తుంది. యాసిడ్‌ను శుద్ధి చేస్తుంది, లేదా సోడాతో కలిపి సోడియం సల్ఫేట్‌గా మార్చి అమ్ముతుంది. ముద్దలోని సీసాన్ని కూడా వదలకుండా తీస్తుంది. కొలిమి పొగను వడపోస్తుంది, పనివాళ్లకు రక్తపరీక్షలు చేయిస్తుంది. వీటన్నిటికీ ఖర్చవుతుంది. పెరట్లో కొలిమి పెట్టినవాడు యాసిడ్‌ను కాలువలో పారబోస్తాడు, పొగను ఊరి మీదికి వదులుతాడు, మడ్డిని గుంటలో కప్పెడతాడు. ఆ ఖర్చు మిగులుతుంది కాబట్టి మీకు కిలోకు కాస్త ఎక్కువ ఇవ్వగలుగుతాడు. లైసెన్సున్నవాడికంటే లేనివాడు ఎక్కువ ధర చెబుతున్నాడంటే, ఆ తేడా అతని మంచితనం కాదు. అతను కట్టకుండా ఎగ్గొట్టిన బిల్లు. దాన్ని అతని కొలిమి పక్కనున్న ఇళ్లవాళ్లు కడతారు. ఈ సరుకుల బేరంలో నేను ధరకంటే ముందు చూసేది ఈ తేడానే.

నిజానికి సీసం చాలా మంచి తుక్కు. ఎన్నిసార్లు కరిగించినా గుణం తగ్గదు. ప్రపంచంలో ఏటా తయారయ్యే సీసంలో సగానికి పైగా గనుల నుంచి కాదు, పాత సరుకు నుంచే వస్తోంది. లండన్ మెటల్ ఎక్స్చేంజ్‌లో రోజూ సీసం ధర పలుకుతుంది, బ్యాటరీ తుక్కు ధర దాన్ని పట్టుకునే లేస్తుంది, పడుతుంది. అమ్మే ముందు ఆ ధర ఒకసారి చూసుకుంటే మీకు చెప్పిన బేరం ఎక్కడుందో అర్థమవుతుంది.

అమ్మేదాకా బ్యాటరీలను నిలువుగానే, నీడలో, ప్లాస్టిక్ ట్రేల మీద ఉంచండి. టెర్మినళ్లకు టేపు చుట్టండి, ‘చచ్చిన’ బ్యాటరీ కూడా షార్టయితే నిప్పు పుట్టించగలదు. పగుళ్లున్నవాటిని విడిగా ప్లాస్టిక్ తొట్టెలో పెట్టండి. ‘యాసిడ్ ఒంపేసి తెండి, రేటు పెంచుతాం’ అన్నవాడికి అసలు అమ్మకండి. ఒంపిన యాసిడ్‌లో కరిగిన సీసం కూడా ఉంటుంది.

పాదరసం విషయంలో మీకు నచ్చని మాట చెప్పాలి. దాని విలువ చాలాచోట్ల సున్నా కంటే తక్కువ. అంటే వదిలించుకోవడానికి మీరే ఎదురు డబ్బు కట్టాల్సి రావచ్చు. ఒకప్పుడు థర్మామీటర్లకు, స్విచ్చులకు, కాస్టిక్ సోడా ఫ్యాక్టరీలకు బోలెడంత కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ వాడకాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. జపాన్‌లోని మినమాటా పేరుతో 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది, దేశాల మధ్య పాదరసం అమ్మకాన్ని అది కట్టడి చేస్తుంది. యూరోపియన్ యూనియన్ 2011లోనే ఎగుమతి ఆపేసింది. అక్కడ మిగులు పాదరసాన్ని గంధకంతో కలిపి, మన పాత మందుల వాళ్లు ఇంగిలీకం అనే ఎర్రటి సల్ఫైడ్‌గా మార్చి, లోతైన ఉప్పు గనుల్లో దాచేస్తున్నారు. గనిలోంచి తవ్వి తీసినదాన్ని మళ్లీ అదే రూపంలోకి మార్చి గనిలోనే పెడుతున్నారన్నమాట.

అయినా కొంటామని తిరిగేవాళ్లు ఉన్నారంటే, అందులో ఎక్కువ సరుకు చిన్న చిన్న బంగారు తవ్వకాలకు పోతుంది. అక్కడ మట్టిలోని బంగారాన్ని పాదరసంతో ముద్దచేసి, ఆ ముద్దను బహిరంగంగా కాల్చి ఆవిరి చేస్తారు. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే పాదరసంలో అన్నిటికంటే పెద్ద వాటా దానిదే. మీ సీసా అటు పోకుండా చూడటం మీ చేతిలో ఉంది.

‘ఎర్ర పాదరసం’ అనేది లేదు. పాదరసం సమ్మేళనాల్లో ఎర్రనివి ఉన్నాయి, ఇంగిలీకం అలాంటిదే. కానీ బాంబుల్లో వాడతారనీ, నిధులు చూపిస్తుందనీ, అంతులేని ధర పలుకుతుందనీ చెప్పే పదార్థాన్ని ఇంతవరకు ఎవరూ చూపించలేదు. 2009లో సౌదీ అరేబియాలో పాత కుట్టు మిషన్లలో అది ఉందని పుకారు పుట్టి, మూలన పడ్డ మిషన్లకు జనం ఎగబడి వేలంపాటలు పాడారు. ఆ ఫోనాయన రేపు ‘పరీక్ష ఫీజు’ అనో ‘అడ్వాన్సు’ అనో మీ దగ్గరే డబ్బు అడుగుతాడు. నంబరు బ్లాక్ చేసేయండి.

ఆ సీసాను ఎలా ఉంచాలో మాత్రం జాగ్రత్తగా వినండి. పాదరసం నీటికంటే 13 రెట్లకు పైగా బరువు. లీటరు సీసాలో ముప్పావు వంతు ఉన్నా 10 కిలోలు ఉంటుంది. మెడ పట్టుకుని ఎత్తితే గాజు విరిగే ప్రమాదం ఉంది. అడుగున చెయ్యి పెట్టి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో దించి, దానికీ మూత పెట్టండి. చల్లటి చోట, అల్యూమినియం వస్తువులకు దూరంగా ఉంచండి, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. చేతికున్న ఉంగరాలు ముందే తీసేయండి. వేరే సీసాలోకి ఒంపడం, శుభ్రం చేద్దామని వేడి చేయడం వద్దే వద్దు. మామూలు గది వేడికే అది కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. వేడిచేస్తే ఆ ఆవిరి ఊపిరితిత్తులను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది. ఒలికితే చీపురుతో ఊడ్చకండి, వాక్యూమ్ క్లీనర్ అసలే పెట్టకండి. కిటికీలు తెరిచి బయటికొచ్చేసి, ప్రమాదకర వ్యర్థాలు చూసేవాళ్లను పిలవండి. ఎలాగూ ఆ సీసాను అప్పగించాల్సింది కూడా వాళ్లకే.

నికెల్-కాడ్మియం సెల్స్‌కు కొంత ధర ఉంది, అది నికెల్ వల్ల. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగిపోతుంది. రీసైక్లింగ్ కర్మాగారాలు ఈ గుణాన్నే వాడుకుంటాయి. మూసిన కొలిమిలో కాడ్మియాన్ని ఆవిరిగా లేపి, వేరే గదిలో చల్లార్చి పట్టుకుంటాయి. మిగిలిన నికెల్, ఇనుము స్టెయిన్‌లెస్ స్టీల్‌కు పనికొస్తాయి. ఇదే పని బయట మంట మీద జరిగితే ఆ ఆవిరి మీ ఊపిరితిత్తుల్లో చల్లారుతుంది. కాడ్మియం పొగ పీల్చినవాడికి మొదట పెద్దగా ఏమీ అనిపించదు. కొన్ని గంటలయ్యాక జ్వరం, దగ్గు వస్తే ఫ్లూ అనుకుంటాడు. అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంటుంది. ఆ సెల్స్‌ను కోయకండి, కాల్చకండి, సీసం బ్యాటరీలతో కలపకండి. వీటిలో ఉండేది యాసిడ్ కాదు, క్షారం. రెండూ ఒకే తొట్టెలో కారితే సలసల కాగుతాయి.

టూల్ బిట్ల డబ్బా మీకు ఊహించని లాభం కావచ్చు. అవి టంగ్‌స్టన్ కార్బైడ్ అయితే కిలోకు సీసంకంటే ఎన్నో రెట్లు పలుకుతాయి. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, ఉక్కుకు దాదాపు రెండింతల బరువు ఉంటుంది, ఆకురాయితో రాసినా గీత పడదు. కర్మాగారాల్లో దీన్ని కరిగిన జింకులో ముంచుతారు. కార్బైడ్ రేణువులను పట్టి ఉంచే కోబాల్ట్‌తో జింకు కలిసి, ముక్క ఉబ్బి గుల్లబారుతుంది. తర్వాత జింకును ఆవిరి చేసి తీసేస్తే మళ్లీ వాడుకునే పొడి మిగులుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఉక్కు కాడకు అతికించిన ముక్కలకంటే విడి ముక్కలకు ధర ఎక్కువ కాబట్టి చాలామంది గ్యాస్ టార్చ్‌తో వేడిచేసి ఊడదీస్తారు. పాత వెండి టంకాల్లో కాడ్మియం కలిపేవాళ్లు. ఏ టంకమో తెలియనప్పుడు టార్చ్ పెట్టడం పైన చెప్పిన పొగను కోరి తెచ్చుకోవడమే. ధర తగ్గినా కాడలతోనే అమ్మండి.

ఇత్తడి రంగు రెంచ్‌లు ఇత్తడి కాకపోవచ్చు. గ్యాస్, పెట్రోలు ఉన్నచోట నిప్పురవ్వ రాకుండా వాడే పనిముట్లలా ఉన్నాయి. అల్యూమినియం కలిసిన కంచు అయితే భయం లేదు. బెరీలియం కలిసిన రాగి అయితే ముట్టుకుంటే ఏమీ కాదు గానీ, గ్రైండింగ్ పెడితే వచ్చే దుమ్ము ప్రమాదం. కొందరికి ఏళ్ల తర్వాత మానని ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. తుక్కు కొట్టులో పిస్టల్ లాంటి ఎక్స్‌రే యంత్రం పెట్టి ‘ఉత్త రాగే’ అంటే నమ్మకండి. బెరీలియం మరీ తేలిక మూలకం, ఆ యంత్రానికి అది కనపడదు. వాటి మీద చెక్కిన అక్షరాలు, కంపెనీ పేరు చూడండి. బాగుంటే తుక్కుగా కాదు, పనిముట్లుగానే అమ్మండి. కొత్తవి చాలా ఖరీదు కాబట్టి రిఫైనరీలలో, గ్యాస్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లు సంతోషంగా తీసుకుంటారు. పాలిష్ పెట్టి మెరిపిద్దామని మాత్రం అనుకోకండి.

కొనేవాళ్లను ఎంచుకునేటప్పుడు ‘ఇది ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది?’ అని అడిగి చూడండి. సరైనవాడు కర్మాగారం పేరు చెబుతాడు, లైసెన్సు కాపీ చూపిస్తాడు, తూకం చీటీ, అప్పగింత కాగితం ఇస్తాడు. నీళ్లు నమిలేవాడైతే వదిలేయండి. 14 బ్యాటరీలు ఒక్కచోటే ఉన్నాయి కాబట్టి చాలామంది బండి పంపించి తీసుకెళ్తారు, మీరు మోయక్కర్లేదు.

చివరగా, మీరు అడగని సంగతి ఒకటి. మూకుడు, అచ్చులు ఉన్నాయంటే మీ మామయ్య గారు ఆ షెడ్డులో ఏళ్ల తరబడి సీసం కరిగించారన్నమాట. ఆ మూల నేల, గోడ అంచులు, కిటికీ చెక్కలు అన్నీ సీసం దుమ్ముతో నిండి ఉంటాయి. ఖాళీ చేసే ఉత్సాహంలో పొడి చీపురు పట్టకండి. కుండ సంగతి తేలాక, దుమ్ము ఆపే మాస్కు పెట్టుకుని, తడిబట్టతో తుడిచి, ఆ బట్టలను కవర్లో కట్టి బ్యాటరీలు కొనేవాళ్లనే అడగండి, సీసం మడ్డితో పాటు కొందరు తీసుకుంటారు. షెడ్డులో వేసుకున్న బట్టలు, చెప్పులు ఇంట్లోకి తీసుకురాకండి, విడిగా ఉతకండి. పిల్లలను అటు రానివ్వకండి. మామయ్య గారికి, అత్తయ్య గారికి, ఆ ఆవరణలో పెరిగిన మీ బావమరిదికి రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి. మామూలు రక్తపరీక్షలో ఇది బయటపడదు, సీసం పరీక్ష అని డాక్టరును ప్రత్యేకంగా అడిగి రాయించుకోవాలి. మరీ ఎక్కువని తేలితే మందులున్నాయి. మామయ్యకు బీపీ, కిడ్నీ ఇబ్బంది, తిమ్మిర్లు ఉంటే ఆయన చేసిన పని గురించి కూడా డాక్టరుకు చెప్పండి, చాలాసార్లు ఎవరూ చెప్పరు, డాక్టరూ అడగరు.